ఏడు నిమిషాలు ముందు

ముందు నల్లతీగ విప్పు, అంది నొరీన్
బోర్లించిన పెయింట్ డబ్బా మీద కూర్చుని.
ఎర్రది కాదు. నల్లది. ఎప్పుడూ నల్లదే ముందు.
పదో నంబరు స్పానర్ నా చేతిలో
ఎండకి కాగి అట్లకాడలా ఉంది.

వింటన్ ఊరి చివర రేకుల షెడ్డు.
బయట కనుచూపు మేర నల్లరేగడి
నెర్రెలిచ్చి, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.
నాలుగు చినుకులు పడితే దీని సంగతి నాకు తెలుసు:
టైరును మింగుతుంది, ఇరుసును మింగుతుంది,
నంగనాచిలా పైన మెరుస్తుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేది మా జేజి.
జేజీ, అడుసు తొక్కడమే నా ఉద్యోగం.
వారానికి రెండుసార్లు పదకొండు పశువుల ఫారాలకి
ఉత్తరాలు, ఇన్సులిన్, పంపుసెట్ల వాషర్లు,
ఒకసారి పెళ్లి కేకు కూడా.

ట్రక్కు మెర్విన్‌ది. వించీ మెర్విన్‌దే.
ఆయన పోయాక ట్రక్కు మొత్తం నాకమ్మింది నొరీన్,
వించ్ మాత్రం సగమే అమ్మింది.
తన పాత బండికీ ముక్కు దగ్గర ఇలాంటి చదరపు గొట్టమే.
ఎవరికి కావాలంటే వాళ్లు దూర్చుకోవడం, పిన్ను వేసుకోవడం.
పోయిన ఫిబ్రవరిలో నేను దిగబడ్డ రాత్రి
అది తన షెడ్డులో ఉంది.
తను దిగబడ్డ రోజు నా షెడ్డులో.
ఉమ్మడి ఆస్తి గుణమే అంత.

తన బండికి తనే వైరింగు చేసుకుంది ఏనాడో.
మెర్విన్ మాత్రం జంపర్ తీగలతో నెట్టుకొచ్చాడు
అవి కరిగి బంకయ్యేదాకా.

నల్లతీగ దగ్గర ఆగాను.
ట్రక్కులో గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది.
ఆయన పెట్టిందే. రెండేళ్లుగా తీసివేతలు చేసుకుంటూ తిరుగుతున్నాను.
రేడియోలో మూడో మీట నొక్కితే గుర్రప్పందాలు,
అయిదోది నొక్కితే ఒట్టి గరగర,
ఒకప్పుడు ఏ స్టేషనుండేదో.
బ్యాటరీ విప్పితే ఇవన్నీ పోతాయి, అన్నాను.
నొరీన్ చెవి యంత్రం సవరించుకుంది.
విందో లేదో,
"నల్లది" అంది మళ్లీ.

విప్పాను.

ఇక పనే పని.
బొటనవేలంత లావు తీగ, వంగమంటే వంగదు.
సైలెన్సర్ గొట్టానికి ఎడంగా, ఫ్యాను రెక్కలకి అందకుండా
రేకు కన్నానికి రబ్బరు తొడిగి బయటికి లాగాను.
"రబ్బరు లేకపోతే రోజుకో వెంట్రుకంత కోస్తుంది," అంది,
"బండి తగలబడ్డాక తెలుస్తుంది."
రాగి పోగులు లగ్గులో కూర్చి
క్రింపర్ పిడి మీద ఇద్దరం బరువేశాం.
ఊరికే ఉన్నప్పుడు వణికే ఆమె చేతులు
అప్పుడు వణకలేదు.
ఫ్యూజు బ్యాటరీకి జానెడులోపు.
బంపర్ దగ్గర బూడిదరంగు ప్లగ్గు, దుమ్ము పడకుండా దానికో టోపీ.

"లాగేటప్పుడు ఇంజను ఆపకు.
తాడు మీద తడిగోనె పరువు.
బిగిసిన తాడు దాటకు, నీ మొగుడు పిలిచినా సరే."
నాకు పెళ్లి కాలేదన్నాను.
మంచిదే అంది.

ఎర్రది బిగించాను. నల్లది చివర.
ఆవగింజంత నిప్పురవ్వ చిటుక్కుమంది.
గడియారంలో పన్నెండు, పక్కన రెండు సున్నాలు,
రెప్పలార్పుతూ.

షెడ్డు ముందు గిడ్జీ మొద్దుకి కొక్కెం తగిలించాం.
వించ్ మూలిగింది, ఇంజను గొంతు తగ్గింది,
మొద్దు ఒక్కసారి ఉలిక్కిపడి
దుమ్ము లేపుకుంటూ మా కాళ్లదాకా నడిచొచ్చింది.

అప్పుడు నొరీన్ ట్రక్కెక్కింది,
రెండేళ్లలో మొదటిసారి, పక్క సీట్లోకి.
నా వాచీ చూపించమని
గడియారం మీట నొక్కిపట్టి
నాలుగూ పది అంటే సరిగ్గా నాలుగూ పదే పెట్టింది.
"ఏడు నిమిషాలు ముందు పెట్టుకుని నలభై ఏళ్లు,
ఒక్క భోజనానికీ వేళకి రాలేదు మనిషి."

గురువారం అలవాటు కొద్దీ ఏడు తీసేసుకుని
మొదటి ఫారం గేటుకి ఏడు నిమిషాలు ఆలస్యంగా చేరాను.
పడమట మబ్బు పట్టి ఉంది.
వించ్, ఇంకెక్కడ,
నొరీన్ షెడ్డులో.